గుర్వయ్య బొటనవేలు

దగ్గరికి జరగండి పిల్లలూ. వరండా అంచున కూర్చోవద్దు, జల్లు కొడుతుంది. గ్లోరీ, నీ పక్కన జాగ ఉంది కదా, చిన్నవాళ్లను కూర్చోనియ్యి. కరెంటు వచ్చేదాకా లెక్కలు ఎట్లాగూ సాగవు. ఒక సంగతి చెబుతాను. భయమైతే పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. మధ్యలో మాత్రం లేవకండి.

మన ఊళ్లో గుర్వయ్య అని గొర్ల కాపరి ఉండేవాడు. అప్పటికి మీరు ఇంకా బడికి రాలేదు. బొచ్చు కత్తిరించే కత్తెర తగిలి ఆయన ఎడమ బొటనవేలి మీద అడ్డంగా ఒక గాటు మిగిలిపోయింది. జాజులో, అంటే ఎర్రమట్టి నీళ్లలో, ఆ వేలు ముంచి గొర్రె నుదుట ఒత్తేవాడు. ఎర్రటి ముద్ర, నడుమ తెల్లటి గీత. కట్టంగూర్ దాకా ఎవరు చూసినా అది గుర్వయ్య గొర్రె అని చెప్పేవాళ్లు.

ఆయన కూతురు అండాలు. భర్త పోతే పుట్టింటికి వచ్చి, పదేళ్లుగా తండ్రితో పాటు మంద వెంట తిరిగింది. కొడుకు నాగరాజు నల్గొండలో కిరాయి ఇంట్లో ఉంటూ కారు నడిపేవాడు.

ఒకరోజు చూస్తే గుర్వయ్య ఇంటి దర్వాజకు, చెలక గట్టు మీది రాయికి కూడా ఆ జాజు ముద్రే ఉంది.

"ఏంది గుర్వయ్యా, ఇంటికి గూడ గుర్తేసినవ్?" అని అడిగాను.

"అండాలుకు ఇచ్చిన సారూ. ఇల్లు, నేను కొన్న రెండెకరాల చెల్క. ఊరంత సూసింది గద. ఇగ ఎవడు కాదంటడు?"

"గొర్రెకు జాజు సాలు. భూమికి కాగితం కావాలె. తెల్ల కాగితమైనా సరే. ఏది ఎవలకో రాసి నువ్వు వేలు వెయ్యాలె. నువ్వు వేస్తుంటే ఇద్దరు కండ్లార సూసి సంతకం పెట్టాలె. గంతే."

"సావు కాగితం రాపిస్తవా నాతోని? నీకేం పాపం జేసిన సారూ?" అని పకపక నవ్వాడు. "రేపు సూద్దాం తియ్యి."

ఆ రేపు రెండేళ్లు సాగింది. చివరికి ఒక గురువారం దగ్గుకుంటూ తనే వచ్చాడు, రాయమని. నాకు పరీక్షల డ్యూటీ ఉంది. ఆదివారం రమ్మన్నాను. శనివారం పొద్దున ఆయన పోయాడు.

పాలమూరు నుంచి చుట్టాలు రావాలని శవాన్ని ఆపారు. పొద్దంతా ముసురు. సాయంత్రానికే చీకటి కమ్మింది. కరెంటు లేదు. అరుగు మీద గుర్వయ్య, తల దగ్గర దీపం. తడిసిన గొంగళి వాసన, ఊదుబత్తి పొగ. దొడ్లో ఒక్క గొర్రె కూడా అరవడం లేదు. అది అప్పుడు నాకు పట్టలేదు.

నాగరాజు నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో కాగితం.

"సారూ, నువ్వు జెప్పినవని నాయిన నిన్ననే వేలేసిండు. అక్కకు ఇల్లు, చెల్క. మా దోస్తు రాజేశ్ సంతకం పెట్టిండు. నీది ఒక్కటి తక్కువుంది."

నా గుండె మీది బరువు దిగినట్టయింది. ఆదివారం రమ్మన్న తప్పు సర్దుకుపోయిందనుకున్నాను. సెల్‌ఫోన్ వెలుతురులో, చదవకుండా, సంతకం పెట్టాను.

కాగితం తిరిగి ఇస్తుంటే నా వేలికి ఏదో అంటింది.

నీలం ఇంకు.

నిన్న వేసిన ముద్ర… ఇంకా తడిగా ఉంది.

అరుగు వైపు చూశాను. గుడ్డ కింద నుంచి ఎడమ చెయ్యి బయటికి జారి ఉంది. ఆ బొటనవేలు నీలంగా ఉంది.

అండాలు కూడా అదే చూస్తోంది. మెల్లగా అడిగింది.

"సారూ… నాయిన వేలు గిట్ల నీలంగైందేంది?"

నాగరాజు నా మొహంలోకి చూశాడు. నా సంతకం అప్పటికే వాడి జేబులో ఉంది.

"సలికి బిడ్డా," అన్నాను.

ఆమె నమ్మింది. సారు చెప్పాడు కదా. ఆ చేతిని గుడ్డ కిందికి పెట్టి, వెచ్చగా ఉండాలని మీద గొంగళి కప్పింది.

కాగితంలో ఏముందో తొమ్మిదో రోజు తెలిసింది. ఇల్లు, చెలక, మంద, అన్నీ నాగరాజువే. అసలు కాగితమే లేకపోతే కూతురికి సగం వచ్చేది పిల్లలూ. నా సంతకం ఆ సగాన్నీ తీసేసింది.

అండాలు బడికి వచ్చి కాగితం నకలు నా ముందు పెట్టింది.

"గిది నీ దస్కతేనా సారూ?"

"నాదే."

"నాయిన వేలేస్తుంటే నువ్వు సూసినవా?"

నేను సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను. ఆమె నకలు మడుచుకుని వెళ్లిపోయింది.

పదో రోజు పొద్దుగూకే వేళ నాగరాజు మందను అమ్మేముందు లెక్కపెట్టడానికి దొడ్డి దగ్గరికి పోయాడు. తోడుకు నన్ను లాక్కుపోయాడు. అదే ముసురు. గొర్లన్నీ ఒక్కవైపే తిరిగి నిలబడ్డాయి. మా వైపు. చెవి కూడా కదపడం లేదు.

నాగరాజు ఫోన్ లైటు వేశాడు.

వానకు జాజు ముద్రలన్నీ కొట్టుకుపోయాయి. వాటి జాగలో, ప్రతి గొర్రె నుదుట… నీలం ముద్ర. నడుమ తెల్లటి గీత. ఇంకా కారుతోంది.

"ఎవడురా… ఎవడేసిండు?" నాగరాజు లైటును ఒక్కో గొర్రె మీదికి తిప్పాడు.

దొడ్డి మూల నుంచి నాలుక మడిచి మందను పిలిచే చప్పుడు. గుర్వయ్య పిలుపు. గొర్లు రెండు పాయలై దారి ఇచ్చాయి. దారిలో ఎవరూ లేరు. బురదలో మాత్రం అడుగులు పడుతున్నాయి… ఒకటి… ఇంకొకటి…

లైటు ఆరిపోయింది. నాగరాజు కేకేసి పరుగెత్తాడు. నేను చీకట్లో ఒక్కణ్నే మిగిలాను.

తడి గొంగళి వాసన. నా చెవి పక్కనే చల్లటి ఊపిరి.

"సూసినవా, సారూ?"

అంతే. తెల్లారేసరికి దొడ్డి ఖాళీ. ఆ మంద ఎటు పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నాగరాజు ఆ ఇంట్లో ఒక్క పూట కూడా నిలవలేదు, తాళం వేసి పోయాడు.

అండాలు కట్టంగూర్‌లో కూలికి పోతోంది. నల్గొండ కోర్టులో కేసు వేసింది. ఆమె నన్ను అడిగేది ఒక్కటే. "సూడలేదని జడ్జి ముందల ఒక్క మాట చెప్పు సారూ." చెబితే నా నౌకరి పోతుంది. అందుకే ప్రతిసారీ "వచ్చే వాయిదాకు చెప్త" అంటాను. అట్లా అన్న మరునాడు, హాజరు పట్టీలో నా సంతకం పక్కన ఒక నీలం ముద్ర ఉంటుంది. మన బడిలో ఇంకు ప్యాడ్ లేదు.

ఇవాళ మొదటిసారి మీ అందరి ముందు ఒప్పుకున్నాను. రేపు మళ్లీ వాయిదా ఉంది. రేపు తప్పకుండా పోయి…

ఏంది గ్లోరీ? ఎందుకు వెనక్కి జరుగుతున్నావు?

నా నుదుటి మీదనా?

…తుడిస్తే మళ్లీ వస్తోందా? తడిగానే ఉందా?

సరే. ఇక లేవండి. పుస్తకాలు ఇక్కడే ఉండనీయండి. అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తిన్నగా ఇళ్లకు పోండి, వేడివేడిగా తినండి. బాటలో మంద ఎదురైతే పక్కకు జరిగి దారి ఇవ్వండి. దాని వెనక ఎవరు వస్తున్నారో మాత్రం చూడకండి.