మూడొందల గ్రాముల అసూయ

"సార్, మూడు గంటల్లోపు మీరు తేల్చకపోతే మా మామగారు నా కొలిమి ఆర్పించేస్తారు!" డిటెక్టివ్ ఆఫీసులోకి వస్తూనే అంది ఓ యువతి.

ఆమె బయోడీజిల్ ఫ్యాక్టరీ యజమానికి చిన్నకోడలు. నూనెను డీజిల్‌గా మార్చడానికి అక్కడ పదిహేనేళ్ళుగా పెద్దకోడలు క్షారం కరిగించి పోసేది. చిన్నకోడలు వచ్చి, గుడ్డు పెంకులు కొలిమిలో కాల్చిన పొడితో అదే పని చేసి చూపించింది. వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు కూడా. మామగారు మురిసిపోయారు. అంతలో వరసగా రెండుసార్లు నూనె సబ్బుముద్దయి కూర్చుంది.

డిటెక్టివ్ వెంటనే ఫ్యాక్టరీకి బయలుదేరాడు. వెనకే ఆయాసపడుతూ అసిస్టెంటు.

"పొడి కాల్చాక ఎంత తూగింది?"

"మూడోసారికి ఉంచిన డబ్బాలో సరిగ్గా కిలో సార్. చీటీ కూడా అంటించాను. పొడి ఉంచే గది తాళంచెవులు అక్కయ్య దగ్గరా, మేస్త్రి దగ్గరా ఉంటాయి."

ఫ్యాక్టరీలో డబ్బా తెరిస్తే, పొడి మైదాపిండిలా పొడిపొడిగా ఉంది. అసిస్టెంటు తూచి నోరెళ్ళబెట్టాడు. "ఓరి దేవుడా, కిలో మూడొందలు! ఇది డబ్బాలోనే పెరుగుతోందా?"

డిటెక్టివ్ నవ్వి, అందర్నీ హాల్లోకి పిలిపించాడు.

"పొడిలో ఎవరో ఏదో కలిపారు. పిండో, సుద్దో..."

"గుడ్డు తినడమే గానీ పెంకు సంగతి నాకేం తెలుసు బాబూ!" అన్నాడు మేస్త్రి.

పెద్దకోడలు విసుక్కుంది. "గ్లాసెడు నీళ్ళకి ఇంత రాద్ధాంతమా?"

"నీళ్ళ మాట నేనెత్తలేదే అమ్మా!"

అసిస్టెంటుకి గురువుగారి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

"కాల్చిన పెంకు సున్నం. నీళ్ళు తాగేసి మళ్ళీ పొడిగానే కనిపిస్తుంది, కానీ బరువు దాచుకోలేదు. తడి తగిలితే నూనె సబ్బవుతుందని పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మీకు తెలుసు. తూకం సంగతే మరిచారు."

"అవును, పోశాను!" పెద్దకోడలు భగ్గుమంది. "ఆ క్షారంతో నా చేతులు పుళ్ళయ్యాయి. మావయ్యగారు ఒక్కనాడైనా బాగుందన్నారా? నిన్నగాక మొన్న వచ్చినదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కడుపు మండదూ?"

మామగారి ముఖం ఎర్రబడింది. "కొలిమి వెలుగుతూనే ఉంటుంది. నువ్వు మాత్రం రేపట్నుంచి ఫ్యాక్టరీ గడప తొక్కొద్దు."

"అక్కయ్య వెళ్తే నేనూ వెళ్తాను మావయ్యా," అంది చిన్నకోడలు. "నూనె మంచీచెడూ వాసన చూసి చెప్పేది ఆవిడొక్కతే. నాకు నేర్పిందీ ఆవిడే."

పెద్దకోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. "చూశారా? నాకు పడనిది ఇదే. కనీసం ఈ పిల్ల చెడ్డదైనా బాగుండేది!" అంటూ భోరుమంది.