అరవై డిగ్రీల దగ్గర

నెలీడా నాతో ఆడిన మొదటి మాటే తగాదా. సిబూ నగరంలో ప్లాస్టిక్ ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకని మా దీవికి వచ్చింది. వాళ్ళ నాన్న సెవెరినో పడవలో ఇంజన్ కూర్చునే దిమ్మను ఎపాక్సీ జిగురుతో అతికించింది నేనే.

"ఈ జిగురులో ఏం కలిపారు?"

"ప్లాస్టిసైజర్ నూనె. అది పడకపోతే పెళుసుగా ఉండి అల దెబ్బకి పగిలిపోద్ది."

ఎండిన జిగురు బద్దను వంచి చూపించాను. మా పడవల యార్డులో పరీక్షంటే అంతే, వంగితే మంచిది. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి బద్దకంటే నేనే ఎక్కువ వంగిపోయాను.

మర్నాడు థర్మామీటరుతో వచ్చి, నా బద్దనూ నూనె కలపని బద్దనూ వేడినీళ్ళలో ముంచింది. అరవై డిగ్రీల దగ్గర రెండోది బిర్రుగానే ఉంది. నాది ఉడికిన సేమ్యాలా వాలిపోయింది. నూనె పెరిగేకొద్దీ బాగా వంగుతుంది గానీ బలం తగ్గుతుందనీ, కొద్దిపాటి వేడికే మెత్తబడుతుందనీ చెప్పింది.

"ఇంజన్ పక్కన వేడి మీకు తెలీదా? నాన్న రేపు వేటకెళ్తున్నాడు. ఆ పడవకీ ఇదేనా?"

యార్డులో అందరూ నన్నే చూస్తున్నారు. పరువు అడ్డొచ్చింది.

"దానికి నూనె వెయ్యలేదు," అన్నాను.

నమ్మింది. సాయంత్రం వానలో ఒకే టార్పాలిన్ కింద నిలబడ్డాం. అప్పుడైనా చెబుదామనుకున్నాను, వాన గురించి మాట్లాడి ఊరుకున్నాను. తెల్లారి సెవెరినో, అతని తమ్ముడూ ఆ పడవలో వెళ్ళిపోయారు.

మూడో రోజు ఆమె బాబాయి ఒక్కడే వేరేవాళ్ళ పడవలో తిరిగొచ్చాడు. దిమ్మ ఊడి ఇంజన్ ఒరిగిందట, షాఫ్టు పడవ అడుగును చీల్చేసిందట. సెవెరినో దొరకలేదు.

సెవెరినో ఆత్మశాంతికి ప్రార్థనలు మొదలైన రోజే వాళ్ళ వాకిట్లో అందరి ముందూ నిజం ఒప్పుకున్నాను. బాబాయి నా చెంప పగలగొట్టాడు. నెలీడా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఉలి పట్టుకుని యార్డుకొచ్చింది.

"ఇంకెన్ని పడవలకి వేశావు?"

"పదకొండు."

"పద."

మూడో పడవ ఇరుకులో పక్కపక్కనే కూర్చుని జిగురు చెక్కుతున్నాం. ఇక దాచుకోలేకపోయాను.

"నువ్వంటే నాకు ప్రాణం నెలీడా. నీ ముందు చిన్నబోతాననే ఆ రోజు అబద్ధమాడాను."

ఆమె ఉలి ఆపలేదు.

"నాకూ నువ్వంటే ఇష్టమే. నిజం చెప్పుంటే రెండు తిట్టి, నాన్నే మనకి పెళ్ళి చేసేవాడు." కళ్ళు తుడుచుకుంది. "నాలుగో పడవ ఎవరిది?"