గాడీ వాళ్ళూ ఘడీ వాళ్ళూ

జంషెడ్‌పూర్‌లో స్టీలు కంపెనీ ఫౌండర్స్ డేకి జరిగే పాతకార్ల ఊరేగింపులోగా ఆదిబాబు చేయవలసిన పనులివి.

కార్బ్యురేటరు విప్పి కడగాలి. బ్రేకులు చూడాలి. తోలు సీట్లకు పాలిష్ పట్టించాలి. హారను మోగించాలి, మరీ ఊరు లేచేలా కాకుండా. డాష్‌బోర్డులో ఆగిపోయిన గడియారాన్ని నడిపించాలి.

కారు అతనిది కాదు. లారీలు తయారుచేసే కంపెనీలో అతని పై అధికారి మధుసూదన్ గారిది. స్వాతంత్ర్యం రాకముందు ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన కారు. ఆదిబాబు అదే కంపెనీలో గ్రాడ్యుయేట్ ట్రైనీ. స్టీలు ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసిన పోలరాజు కొడుకు. బారిడీహ్‌లో వాళ్ళ బంధువులందరిలోకీ డిగ్రీ చదివిన మొదటివాడు. పని చెప్తే కాదనడం అతనికి తెలియదు.

"ఈ డయల్ చూడవయ్యా," అన్నారు మధుసూదన్ గారు గడియారాన్ని చేతికిస్తూ. "పైన స్విట్జర్లాండ్ గడియారాల కంపెనీ పేరు. కింద ఇంగ్లండ్ కార్ల కంపెనీ పేరు. అంత ఖరీదైన కారు చేసినవాళ్ళకి ఓ గడియారం చేసుకోవడం చేతకాకనా? తమకంటే బాగా చేసేవాళ్ళు ఉన్నారని ఒప్పుకున్నారు. ఎంత పెద్ద మనసుండాలి దానికి!"

ఆ మాట ఆదిబాబుకి నచ్చింది. గడియారాన్ని జేబురుమాలులో చుట్టుకుని సాక్చీ బజారుకి బయల్దేరాడు.

దారిలో వాన అందుకుంది. ఫిబ్రవరిలో రావలసిన వాన కాదు. తడిసి ముద్దై వాచీల కొట్లోకి దూరేసరికి, బల్ల వెనక ఓ అమ్మాయి కంట్లో భూతద్దం బిగించుకుని కూర్చుని ఉంది.

"గాడీకా గడీ హై. బంద్ హో గయా," అన్నాడు, కారు గడియారం ఆగిపోయిందని తన హిందీలో.

"గాడీ రిపేర్ ఉస్ తరఫ్. ఇధర్ ఘడీ," అంది తల ఎత్తకుండా, కార్ల రిపేరు అటువైపు, ఇక్కడ గడియారాలని.

"అదే... గాడీకా గడీ."

"ఫిర్ సే బోలియే. పేట్ సే బోలియే. ఘ... ఘ... ఘడీ," అంటూ ఆ అక్షరం కడుపులోంచి ఎలా పలకాలో చూపించింది.

ఆదిబాబుకి ఒళ్ళు మండింది. "ఏటీ పిల్ల! నోరు కాదిది, హారను," అని గొణుక్కున్నాడు.

"హారను మీ గాడీలో ఉంటాదండీ. మా దగ్గర అలారం ఉంటాది," అంది ఆ అమ్మాయి, భూతద్దం తీసి. "తెలుగు కూడా ఇనిపిత్తాది మాకు."

ఆదిబాబు చెవులు ఎర్రబడ్డాయి. రుమాలు విప్పి గడియారం బల్లమీద పెట్టాడు. దాన్ని చూడగానే ఆ అమ్మాయి ముఖంలో వేళాకోళం పోయింది. అరచేతిలోకి పిచ్చుకపిల్లను తీసుకున్నట్టు తీసుకుంది.

"ఎంత బాగుంది! ఈ ముల్లు చూడండి, వెంట్రుక మందం. ఏ మారాజు చేసేడో!"

"బాగవుతాదా?"

"ఎందుకవదు? ఎల్లుండి రండి. ఈలోగా 'ఘ' నేర్చుకోండి."

ఆమె పేరు పద్మకుమారి. తండ్రి కూర్మారావుకి చూపు మసకబారాక ఆ బల్ల దగ్గర కూర్చుంటోంది.

చెప్పినట్టే గడియారం నడిచింది. ఆదిబాబు సంబరంగా తీసుకెళ్ళి కారులో బిగించాడు. ఆగిపోయింది. విప్పి తెచ్చాడు. ఆమె బల్లమీద మళ్ళీ నడిచింది. కారులో మళ్ళీ ఆగింది.

"నా బల్లమీద నడుత్తంది, మీ కారులో ఆగిపోతంది. అంటే రోగం కారుదే," అంది పద్మకుమారి.

"కారుకి రోగమైతే కారు ఆగాలి. గడియారం ఎందుకాగుతాది?"

"పుట్టింట్లో బాగున్న పిల్ల అత్తారింటికెళ్ళి చిక్కిపోతే తప్పు పిల్లదేటండీ?"

"అయితే మీరే ఓసారి అత్తారింటికొచ్చి చూడండి!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. పద్మకుమారి స్క్రూడ్రైవరు కోసం బల్లంతా వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది.

మర్నాడు కారునే కొట్టు ముందుకు తెచ్చాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని డాష్‌బోర్డుకి చెవి ఆనించింది. అతను డాష్‌బోర్డు కిందకి దూరి స్క్రూలు బిగించాడు. టిక్కు టిక్కు మంటున్నది ఠక్కున ఆగింది.

"ఇప్పుడు ఒదులు చెయ్యండి... ఇంకొంచెం... నడుత్తంది! మీరు బిగించీసినప్పుడల్లా దానికి ఊపిరి ఆడట్లేదండీ బాబూ!"

చూస్తే నిజమే. రేకు పట్టీ గడియారం ఒంటిని నొక్కేస్తోంది. అలాగని ఒదులుగా వదిలేస్తే గతుకుల్లో రాలిపోతుంది. పాత ట్యూబు రబ్బరు కోసి మెత్తటి చుట్టు చెయ్యాలన్నాడు ఆదిబాబు. ఎక్కడ ఎంత మందం ఉండాలో ఆమె వేలితో చూపించింది. కారు టాపుమీద మళ్ళీ మొదలైన వాన చప్పుడు. గడియారం చప్పుడు. మూడో చప్పుడు తన గుండెదేమోనని అతనికి అనుమానం వచ్చింది.

"ఘడీ," అన్నాడు ఉన్నట్టుండి, కడుపులోంచి.

పద్మకుమారి పకపకా నవ్వింది. "పాస్!"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తల్లి దాలమ్మతో మనసులో మాట చెప్పేశాడు. దాలమ్మ పెళ్ళి మాటల కోసం నూకమ్మ పిన్నిని సీతారామ్‌డేరాలో కూర్మారావు ఇంటికి పంపింది. అక్కడే వచ్చింది చిక్కు.

నూకమ్మ జంషెడ్‌పూర్ వచ్చి తల నెరిసింది గానీ, ఆమె నోట్లో హిందీ ఇంకా శ్రీకాకుళంలోనే ఉంది. గాడీ అయినా ఘడీ అయినా ఆమె నోట 'గడీ'యే.

"గుంటడు బంగారం అన్నియ్యా! గడీ కంపెనీలో ఇంజినీరు!"

కూర్మారావు ముఖం వెలిగిపోయింది. ఘడీ కంపెనీలో ఇంజినీరు! తన తర్వాత కొట్టు కూతురితో పాటు నిలబెట్టే అల్లుడు. "ఆదివారం తీసుకురా!" అన్నాడు.

ఆదివారం ఆదిబాబు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. చంకలో పొట్లం. రబ్బరు చుట్టు అమర్చిన గడియారానికి వెనక మూత బిగించడం పద్మకుమారి పని, అందుకని తెచ్చాడు.

"ఏ సెక్షన్లో చేత్తన్నావు బాబూ?" అడిగాడు కూర్మారావు.

"గేర్లు కోసే చోటండి."

"శభాష్! కష్టమైన పని. కంటికి ఆనవు కదా?"

"ఆనకపోవడం ఏటండీ? ఒక్కోటి మొయ్యడానికి ఇద్దరు కావాలి."

కూర్మారావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరు మోసే గేరు ఏ గడియారంలో ఉంటాదయ్యా?"

"గడియారంలో కాదండీ, లారీలో."

తలుపు వెనక పద్మకుమారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కూర్మారావు నూకమ్మ వైపు తిరిగాడు. "ఒలే నూకమ్మా! ఘడీ అన్నావా, గాడీ అన్నావా?"

"గడీయే అన్నాను కదన్నియ్యా! ఇప్పుడూ అదే అంతన్నాను!"

ఎవరికీ నవ్వు రాలేదు. కూర్మారావు ఆదిబాబు వైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నీ తప్పు నేదు బాబూ. మంచోడివే. కానీ ఆ బల్ల ఇప్పుడు నా కూతురిది. దాని చేతిలో నా పనుంది. లారీల ఇంజినీరుకి క్వార్టరు ఇత్తారు, తోటి ఆఫీసర్లుంటారు. నీ పెళ్ళాం బజార్లో కొట్లో కూకుంటే ఒప్పుకుంటావేటి? కొట్టు మూసేత్తారు."

పద్మకుమారి ముందుకొచ్చింది. ఆమె గొంతులో ఇప్పుడు అలారం లేదు. "బల్ల ఒగ్గేయమంటే నాను ఎవర్నీ చేసుకోనండి. మీరైనా సరే."

ఆదిబాబుకి పెద్ద మాటలు రావు. పొట్లం విప్పి గడియారాన్ని కూర్మారావు చేతిలో పెట్టాడు. ఆయన కిటికీ దగ్గరికెళ్ళి, కంటికి భూతద్దం పెట్టి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత పనితనం," అన్నాడు. "ఏటి, రెండు పేర్లున్నాయి?"

"ఒకటి గడియారం వాళ్ళది, ఒకటి కారు వాళ్ళదండి. కారు వాళ్ళు గడియారం వాళ్ళని కొట్టు మూసుకుని మా దగ్గరికి రమ్మనలేదు. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. పేర్లు మాత్రం పక్కపక్కన ఏసుకున్నారు. నాకూ అలాగే కావాలండి. పద్మగారు పొద్దున్న కొట్టుకెళ్తారు, నాను ఫ్యాక్టరీకెళ్తాను. ఆఫీసర్లు అడిగితే మా ఆవిడ ఘడీసాజ్, గడియారాలు బాగుచేత్తాది అని చెప్తాను. 'ఘ' వచ్చీసింది నాకు."

"మీ అమ్మో?"

"అడిగే వచ్చానండి. మా గోడ గడియారం ముందు బాగుచెయ్యమంది."

పద్మకుమారి తల దించుకుని నవ్వింది. కూర్మారావు ఇంట్లో ఉన్న పాత పనిముట్ల పెట్టె తెరిచాడు. తడిమి గుర్తు గీసే సూది తీశాడు.

బాగుచేసిన గడియారం మూత లోపల కంటికి కనబడీ కనబడనట్టు ఓ గుర్తు గీయడం వాచీల వాళ్ళ అలవాటు. పద్మకుమారి బాగుచేసినవాటికి కూడా ఇన్నాళ్ళూ కూర్మారావే గీసేవాడు, 'కూ' అని. కొట్టు ఆయనది కదా.

ఆయన సూది కూతురి చేతికిచ్చాడు. "నీది గియ్యి."

పద్మకుమారి సూదికేసి చూసింది. "నాదా, నాన్నా?"

"పని నీదైతే గుర్తు ఎవరిది ఏత్తావే?"

ఆమె కళ్ళు తుడుచుకుని 'ప' అని గీసింది. మూత పెట్టబోతుంటే ఆయన ఆపాడు.

"పక్కన చోటుందా?"

"ఉంది నాన్నా."

"రబ్బరు కోసినోడు ఇక్కడే ఉన్నాడు కదా. అల్లుడిది కూడా గియ్యి."

నూకమ్మ పిన్ని అందరికంటే ముందు ఏడ్చేసింది.

ఫౌండర్స్ డే నాడు జూబ్లీ పార్కు చుట్టూ ఆ కారు దర్జాగా తిరిగింది. గడియారం ఆగలేదు. మధుసూదన్ గారు రిటైరయ్యాక కారుని కలకత్తాలో ఎవరికో అమ్మేశారు. అది ఇప్పుడు ఏ షెడ్డులో ఉందో తెలియదు. మీకెప్పుడైనా ఓ పాత కారులో గడియారం చక్కగా నడుస్తూ కనిపిస్తే, మూత విప్పి చూడనక్కర్లేదు. చూపు పోతున్నా సరైన సమయంలో సూది కూతురి చేతికిచ్చిన సాక్చీ కూర్మారావుని ఒక్కసారి తలుచుకోండి, చాలు.