మధ్యాహ్నం మోగిన మేలుకొలుపు

ఆదోనిలో పత్తి మార్కెట్ వెనుక వీధిలోని ఆ ఇంట్లో తెల్లవారడమంటే టీవీ మోగడమే. సరిగ్గా ఐదున్నరకు ఒక భక్తి ఛానల్‌లో మేలుకొలుపు పాట వచ్చేది. మొదటి చరణం ముగిసేలోగా వీరన్న మంచం దిగి, తుండు భుజాన వేసుకొని నీళ్ళ గదికి నడిచేవాడు. ఆ గది గడియ పడిన చప్పుడు వినబడ్డాకే ఆయన భార్య హులిగెమ్మ గుండెలో బిగపట్టుకున్న ఊపిరి వదిలేది.

ఆనాడు కూడా ఊపిరి వదిలి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ముందు గదిలోకి వచ్చింది. కొడుకు శ్రీనివాసులు టీవీ వెనుక చేయి పెట్టి తీగలు ఊడదీస్తున్నాడు. అతను ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఏ పని అయినా చెప్పి చేసే అలవాటు లేనివాడు.

"ఏం రా అది?"

"కేబుల్ తీసేస్తాండా మా. పెట్టె ఇచ్చేస్తానని కేబులాయప్పకు సెప్పినా. ఇంటర్నెట్ తీగ లాగించినా కదా, ఇంక ఏం గావాలన్నా అందులోనే వస్తాది. ఎప్పుడు గావాలంటే అప్పుడు."

"ఎప్పుడు గావాలంటే అప్పుడా?" హులిగెమ్మ అతని చేయి పట్టుకుంది. "వద్దులే శీనా. ఇట్లే ఉండనీ."

"ఎవరు చూస్తాండారు మా? నేను ఫోన్‌లో చూస్తా, సంతోషి ఫోన్‌లో చూస్తాది, పిల్ల హేమ సంగతి సెప్పనే అక్కర్లేదు. నువ్వు వంటింట్లో ఉంటావు, నాయిన గోడ పక్క మొగం పెట్టుకొని కూసుంటాడు. పొద్దుగూకులూ అది ఊరికే మోగుతాది."

కోడలు సంతోషి అంగన్‌వాడీకి పోవడానికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నవ్వింది. "అత్తకు సీరియల్ పిచ్చి పట్టిందేమోలే. ఫోన్‌లో పెట్టిస్తాంలే అత్తా, అడ్వర్టైజ్‌మెంట్లు కూడా ఉండవు."

హులిగెమ్మ నవ్వలేదు. అది చూడడానికి కాదని చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే మిగతాది కూడా చెప్పవలసి వస్తుంది. ఎసరు చూడడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మిగతాది ఇది. వీరన్న ముప్పై ఏళ్ళు ఎమ్మిగనూరు దారిలోని పత్తి మిల్లులో పనిచేశాడు. సైరన్ కూస్తే లేవడం, సైరన్ కూస్తే తినడం, సైరన్ కూస్తే ఇంటికి రావడం ఆ మనిషి ఒంటికి పట్టిన క్రమం. మిల్లు మూతపడినా ఆ క్రమం పోలేదు. రెండేళ్ళ కిందట ఒకనాడు ఆయన తిన్న గంటకే మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు. ఇంకొకనాడు పట్టపగలు పక్క పరుచుకొని, రాత్రయిందన్నాడు. హులిగెమ్మకు అర్థమైంది; ఎవరికీ చెప్పలేదు. సైరన్ వంటిదేదో ఉంటే చాలునని కనిపెట్టింది. మేలుకొలుపు మోగితే స్నానం. పన్నెండు గంటల వార్తల బాజా మోగితే అన్నం. ఏడింటి సీరియల్ పాట మోగితే చొక్కా విప్పి, బీపీ మాత్ర వేసుకొని, పక్క మీదికి. రెండేళ్ళపాటు ఒక మనిషి తెలివిని ఆమె ఆ పెట్టె చేత మోయించింది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఎందుకు దాచిందంటే, నాలుగిళ్ళ అవతలి లక్ష్మప్పను ఆమె చూసింది. ఆయనకు మతి తప్పినప్పుడు కొడుకులు వెనుక గదిలో ఉంచి బయట తాళం వేశారు. వారు దుర్మార్గులు కారు. పనికి పోవాలి, మనిషి తప్పిపోకూడదు, అందుకని వేశారు. లక్ష్మప్ప కిటికీ ఊచలు పట్టుకొని దారినపోయే ప్రతివారినీ "తియ్యప్పా, ఒగసారి తియ్యప్పా" అని బతిమాలేవాడు. ఆ గదిలోనే పోయాడు. ఆనాటి నుంచి తాళం కప్ప కనబడితే హులిగెమ్మ చూపు తిప్పుకొనేది.

పెట్టె పోయిన మూడు రోజులూ ఇంట్లో తిరగడం ఆమెకు నీళ్ళలో నడిచినట్టుంది. వీరన్న పొద్దున లేవలేదు. లేపితే "ఇంకా కూయలేదే" అన్నాడు. అన్నం పెడితే అనుమానంగా చూసి కంచం పక్కకు తోశాడు. అస్తమానం వాకిట్లోకి పోయి నిలబడి, వీధి కొసను చూసేవాడు. ఆయన వాకిలి దాటకుండా హులిగెమ్మ చింతపండు గింజ తీసే పని పెట్టుకొని గడప మీదే కూర్చునేది.

నాలుగోనాడు మనవరాలు హేమను పట్టుకుంది. "అమ్మీ, ఆ పొద్దున పాట ఆ కొత్తదాంట్లో యాడన్నా ఉందేమో చూడు. మజ్జాన్నం వార్తలదీ, సాయంత్రం సీరియల్‌దీ కూడా."

"అవ్వా! నువ్వు కూడా యూట్యూబ్‌లోకి దిగితివా?" హేమ పడి పడి నవ్వింది. "ఇంక నీకు ఒక ఛానలు పెట్టిస్తా, 'హులిగెమ్మ వంటలు' అని."

"ఎగతాళి సాలించి, యాడ ఒత్తాల్నో సెప్పు."

హేమ మూడూ వెతికి వరుసగా పెట్టింది. ఏ బొమ్మ మీదికి పోవాలో, ఏ బటన్ నొక్కాలో చూపించింది. మర్నాడు హులిగెమ్మ ఆ బటన్ నొక్కితే మేలుకొలుపు మోగింది. వీరన్న తుండు తీసుకున్నాడు. వారం రోజులు జరిగిపోయింది. పాట అయిపోగానే ఆమె టీవీ ఆపేసేది. ఆపకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదోనాడు మధ్యాహ్నం వీరన్న భోంచేస్తుండగానే వీధిలో కేకలు లేచాయి. ఐదు రోజుల తరువాత మునిసిపాలిటీ నీళ్ళు వచ్చాయి. హులిగెమ్మ బిందెలు తీసుకొని పరుగెత్తింది. టీవీ వార్తలు ముగించి, తనంతట తానే తరువాతి దానికి పోయి, వీరన్న చేయి కడుక్కునేలోగానే సీరియల్ పాటను కూడా దాటుకొని, వరుసలో మళ్ళీ మొదటికి వచ్చింది.

ఆమె పక్క సందులోంచి పెరట్లోకి పోయి మూడో బిందె దించుతుండగా లోపలి నుంచి మేలుకొలుపు చివరి చరణం వినబడింది.

బిందె అక్కడే వదిలేసింది. లోపలికి పరుగెత్తేసరికి నీళ్ళ గది నేల తడిగా ఉంది. తుండు కొయ్యకు లేదు. గూట్లోని పాత టిఫిన్ డబ్బా లేదు. వాకిలి బార్లా తెరిచి ఉంది. ఏప్రిల్ ఎండ గడపలోకి దూరి పడుకుంది. టీవీ మాత్రం దేవుణ్ణి నిద్ర లేపుతూనే ఉంది.

ఎదురింటి భీమక్క కొళాయి దగ్గరి నుంచి అరిచింది. "మీ ఆయప్ప ఇప్పుడే పాయె కదా హులిగెమ్మా, పాత బస్టాండు పక్క! చెప్పులన్నా ఏసుకోలే. 'యాడికన్నా?' అంటే, 'మొదటి షిఫ్టు' అన్నాడు. నేను తమాషా చేస్తాండాడనుకుంటి!"

కొడుకుకు ఫోన్ చేయాలి. చిన్న బటన్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. శీను పేరు మీద వేలు పెట్టింది. నొక్కలేదు. నొక్కితే ఇంక దాచడానికేమీ ఉండదు. నేనే వెతికి తెచ్చుకుంటాను, ఎవరికీ తెలియకుండా తెచ్చుకుంటాను అనుకొని ఆమె ఎండలో పడి పరుగెత్తింది. బస్టాండులో పండ్ల బండి దగ్గర అడిగింది, మరుగుదొడ్ల దగ్గర అడిగింది, కదులుతున్న కోసిగి బస్సులోకి తొంగి చూసింది. తెల్ల తల ఎక్కడ కనబడినా అటు ఉరికేది. అది ఇంకొకరి తల అయ్యేది. అరగంట గడిచింది. లక్ష్మప్ప గొంతు ఆమె చెవిలో వినబడుతోంది. ఆ గొంతుకన్నా పెద్ద భయం ఒకటి అప్పుడు ఆమెను పట్టుకుంది: తాళం వేయడానికైనా మనిషి దొరకాలి కదా.

బస్టాండు నడుమ నిలబడి బటన్ నొక్కింది.

శ్రీనివాసులు డిపో నుంచి నూనె చేతులతోనే వచ్చాడు. సంతోషి అంగన్‌వాడీ నుంచి నేరుగా వచ్చింది. హులిగెమ్మ చెప్పినదంతా నిలబడే విన్నారు.

"ఎన్ని దినాల నుంచి?" అడిగాడు కొడుకు.

"రెండేండ్లు."

"రెండేండ్లా! రెండేండ్లు మాకు సెప్పకుండా టీవీకి అప్పజెప్పినావా మా, నాయినను?"

"నువ్వు పెట్టె పీకేసినప్పుడు నన్ను ఒగ మాట అడిగినావా? 'ఎవరు చూస్తాండారు' అంటివి. ఒగ దినమన్నా మీ నాయిన మొగం చూసి మాట్లాడినావా? చూసింటే నేను సెప్పాల్సిన పనేముండె?"

"అడిగింటే నిజం సెప్పింటివా? సెప్పు!"

చూడకపోవడం అతని నేరం, చూపకపోవడం ఆమె నేరం. ఏది పెద్దదో తూచడానికి అది వేళ కాదు. బస్సులు హారన్ కొడుతూ వారి చుట్టూ తిరుగుతున్నాయి.

సంతోషి మెల్లగా అడిగింది. "ఎందుకు దాచినావత్తా?"

"లక్ష్మప్పకు ఏసిన తాళం చూసినా."

సంతోషి కళ్ళు ఒక్కసారిగా నిండాయి. "మేము కూడా ఏస్తామనుకుంటివా? నేను ఏస్తాననుకుంటివా?"

ఆ ప్రశ్న హులిగెమ్మకు చెంపదెబ్బలా తగిలింది. పదిహేడేళ్ళు తన చేతి ముద్ద తిని, తనకు ముద్ద పెట్టిన పిల్లను, ఒక్కసారీ విచారించకుండానే, మనసులో దోషిని చేసి శిక్ష కూడా వేసింది. తలెత్తి కోడలి ముఖం చూడలేకపోయింది.

శ్రీనివాసులు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. డిపోలో అందరూ తెలిసినవారే. ఇద్దరు కండక్టర్లు చూడలేదన్నారు. మూడో అతను చెప్పాడు. "అవునన్నా, ఎమ్మిగనూరు బస్సులో ఒక ముసలాయప్ప ఎక్కినాడు, చేతిలో డబ్బా ఉన్నింది. మిల్లు స్టేజీలో దింపమన్నాడు. అట్లాంటి స్టేజీ యాడుంది? దారి నడిమధ్య అరిచి దిగినాడు, నిలిపేదాకా ఊరుకోలే."

ఆటో ఎక్కారు. అరగంట దారి. రెండు పక్కలా పత్తి చేలు కోత అయిపోయి ఎండు కట్టెలై ఉన్నాయి. ఎక్కడా నీడ లేదు. చెప్పులు లేని పాదాల కింద ఆ తారు రోడ్డు ఎలా ఉంటుందో హులిగెమ్మకు తన అరికాళ్ళలోనే తెలుస్తోంది. రోడ్డు పక్క కాలువల్లోకి, కల్వర్టుల కిందికి కొడుకు తొంగి చూస్తున్నాడు. అతను ఏమి వెతుకుతున్నాడో గ్రహించి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

మిల్లు ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతారు. వాటికి ఎదురుగా రేకుల కింద ఒక పంక్చర్ షాపు. అక్కడ పాత టైరు మీద వీరన్న కూర్చొని ఉన్నాడు. ఒడిలో టిఫిన్ డబ్బా. రెండు పాదాలూ నీళ్ళ తొట్టిలో.

షాపు యజమాని చోటే సాబ్ లేచి ఎదురొచ్చాడు. "ఘబ్రాయించొద్దు మా, ఏం కాలే. గేటు యాడుందని రాళ్ళల్లో తిరుగుతాండె. గేటు లేదంటే పెద్దాయన మనసు ఇరిగిపోతాది కదా. 'సైరన్ ఇంకా కాలేదన్నా, కూసో' అన్నా. అంతే, కూసున్నాడు."

శ్రీనివాసులు తండ్రి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పొక్కులెక్కిన ఆ పాదాలను చూసి ముఖం తిప్పుకొని, ఆటోను దగ్గరికి పిలవడానికి వెళ్ళాడు. హులిగెమ్మ భర్త పక్కన నేల మీద కూర్చుంది.

వీరన్న ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "వానికి సెప్పినావా?"

"ఏమి?"

"నాకు మతి పోతాందని."

"నీకు తెలుసా?"

"నాది నాకు తెలీదా?" ఆయన తొట్టిలోని నీళ్ళను చూస్తూ అన్నాడు. "పొద్దు తెలీదు. పొద్దునో సాయంత్రమో తెలీదు. పాట మోగితే లేస్తి. బాజా మోగితే కంచం కాడికొస్తి. తప్పు పోకుండా సేసినా ఇన్ని దినాలు. నిన్ను అడిగితే నువ్వు భయపడతావని అడగలేదు. ఆ పెట్టె పాయె. ఈ పొద్దు పాట మోగింది, ఎండ సూస్తే మజ్జాన్నం. రెంటిలో దేన్ని నమ్మాల్నో తెలీలే. పాటనే నమ్మినా. తానమైనంక నువ్వు ఎదురు రాలే, షిఫ్టుకు పోవాలనుకుంటి."

రెండేళ్ళుగా ఆయనను తాను మోసగిస్తున్నాననుకుంది. ఆయన కూడా ఆ పాటలనే పట్టుకొని, ఆమె కోసం, ఆమెనే మోసగిస్తూ వచ్చాడు. ఒకే గదిలో ఇద్దరు మనుషులు చెరొక భయాన్ని ఆ మోత కింద దాచుకొని, ఒక్క మాట, ఒకే ఒక్క మాట మాట్లాడుకోలేదు. హులిగెమ్మ భర్త మోకాలి మీద తల ఆనించి, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చింది. ఆయన చేయి ఆమె తల మీదికి వచ్చి, ఏం చేయాలో తెలియక, అక్కడే ఉండిపోయింది.

సంతోషి వచ్చి మామ పాదాలను తన పమిటతో తుడిచింది. "రేపు కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం మామా. నేను సెలవు పెడతా." తరువాత అత్త వైపు తిరగకుండానే అంది, "మనింట్లో తాళం ముందు వాకిలికే అత్తా. గదులకు లేదు."

"నన్ను క్షమించు తల్లీ" అంది హులిగెమ్మ. సంతోషి చేయి అందించి అత్తను లేపింది.

"రేపే కేబుల్ మళ్ళీ పెట్టిస్తా మా" అన్నాడు శ్రీనివాసులు, తలవంచుకొని.

"వద్దు రా. పెట్టెతో పనిలేదు. మనుషులమున్నాం కదా ఇంట్లో."

ఆటో కదిలింది. వీరన్న కాసేపు బయటి పొలాలను చూశాడు. తరువాత, ఆ ప్రశ్న అడగడానికి రెండేళ్ళు పట్టినవాడిలా, తడబడుతూ అడిగాడు. "ఇప్పుడు పొద్దెంతయింది?"

"నాలుగు కావస్తాంది" అంది హులిగెమ్మ. "సాయంత్రం. మజ్జాన్నం నువ్వు తిన్నావు. జొన్న రొట్టె, వంకాయ కూర."

"తిన్నానా?"

"తిన్నావు."

ఆయన తల ఊపాడు. రెండు మైళ్ళు పోయాక మళ్ళీ అడిగాడు. "పొద్దెంతయింది?"

హులిగెమ్మ నోరు తెరవకముందే ముందు సీటులో నుంచి శ్రీనివాసులు వెనక్కి తిరిగాడు. తండ్రి కళ్ళలోకి సూటిగా చూసి, మొదటిసారి అడిగినవాడికి చెప్పినంత శాంతంగా చెప్పాడు.

"నాలుగు దాటింది నాయినా. ఇంటికి పోతాండాం."