రిటైర్డ్ టీచరమ్మ

ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం అపార్టుమెంట్లలో ఆదివారం కాస్త బద్ధకంగా తెల్లవారుతుంది. ఆ ఆదివారం మాత్రం ఇంద్రాణి వంటింట్లో పాలవాడు రాకముందే కుక్కరు కూత పెట్టింది. ఆమె పనిచేసే మంత్రిత్వ శాఖలో పెద్ద అధికారి భరద్వాజ్ గారు భార్యతో కలిసి మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. గుత్తివంకాయ, పులిహోర, పప్పుచారు అన్నీ ఉండాల్సిందే. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టాడని ఊరికే అనలేదు పెద్దలు. ఎందుకంటే కన్నతల్లి లలితకుమారి అక్కడే, స్టూలు మీద కూర్చుని కరివేపాకు దూస్తోంది. ఆవిడ ఏం తింటుందో ఎవరూ అడగలేదు.

లలితకుమారి విశాఖ మన్యంలో కొండదొర తెగ ఆడబిడ్డ. రెండోసారి ఎమ్మెల్యే. పార్టీ పెద్దలు పిలిస్తే ఢిల్లీ వచ్చి, ఏపీ భవన్‌లో గది ఇస్తామన్నా వద్దని రాత్రి కూతురింటికి చేరింది. ఈసారి ఆవిడ మంత్రి కావచ్చని తెలుగు పేపర్లు రాస్తున్నాయి. ఇంకో కూతురైతే కాలనీ అంతా టముకు వేసేది. ఇంద్రాణి మాత్రం తల్లి ముంజేతుల మీది పచ్చబొట్లు కనబడకుండా పొడుగు చేతుల జాకెట్టు వెతికి ఇచ్చింది.

"అమ్మా, నువ్వు రిటైర్డ్ టీచర్‌వని వాళ్ళకి చెప్పాను," అంది వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా.

లలితకుమారి చేయి కాసేపు ఆగింది. తర్వాత నవ్వింది. "ఏ పాటం సెప్పీదాన్నో కూడా సెప్పీ మరి. ఆయన అడిగితే తెల్లమొగం వేస్తాను."

"తెలుగు. నీకు హిందీ రాదని చెప్తాలే, ఎక్కువ మాట్లాడక్కర్లేదు."

పది కూడా పాసవని తల్లి సరేనంది.

ఇంత దాపరికం ఎందుకంటే, ఎమ్మెల్యే కూతురినంటే ఏ నియోజకవర్గమని అడుగుతారు. ఆ పేరు చెబితే రిజర్వుడు సీటని తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఇంద్రాణిది కోటా ఉద్యోగమని తేలడానికి ఒక్క అడుగు. చేరిన కొత్తలో క్యాంటీన్‌లో భరద్వాజ్ గారు కోటా వాళ్ళ వల్ల పనులు సాగవని విసుక్కుని, "మీరు అలా కాదు ఇంద్రాణీ జీ," అన్నారు. ఇంద్రాణి చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే మెడకు డోలైంది. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఏళ్ళ తరబడి ఇంకెన్నో ఆడింది.

తల్లి చేసినవేమీ దాచుకోవాల్సిన పనులు కావు. ఆశ్రమ పాఠశాలలో వంట చేసుకునే మనిషిని, సీటు గిరిజన మహిళకు వచ్చిందని అక్కడి నాయకులు మండలాధ్యక్షురాలిని చేశారు. సంతకం పెట్టే బొమ్మ దొరికిందని సంబరపడ్డారు. మొదటి సమావేశంలో ఉపాధ్యక్షుడు ఆవిడ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, గోడ వారనున్న బల్ల చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. సమావేశం ముగిసేదాకా అతని ఎదుట నిలబడింది. తర్వాతి నెలా అంతే. చివరికి అతనే సిగ్గుపడి లేచాడు. అసెంబ్లీలో ఒకాయన ఆవిడ యాసను వెక్కిరిస్తే, అదే యాసలో ఉతికి ఆరేసింది. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఇంద్రాణి దాన్ని ఆఫీసు బాత్‌రూంలో శబ్దం లేకుండా చూసి, ఫోన్‌లోంచి తీసేసింది.

భోజనాలు బాగానే సాగాయి. భరద్వాజ్ గారు గుత్తివంకాయ మారు వడ్డించుకున్నారు. మాతాజీ చాలా శాంతస్వభావులని మెచ్చుకున్నారు. ఇంద్రాణి భర్త శరత్ కాకినాడ మనిషి, మాటకారి. ఆ రోజు పెరుగన్నంలోంచి తల ఎత్తలేదు. చివర్లో భరద్వాజ్ గారి భార్య తాము తెచ్చిన మామిడిపళ్ళు తనే కోసి, సీజన్‌లో తొలి పళ్ళంటూ మొదటి ముక్క లలితకుమారి పళ్ళెంలో వేసింది.

లలితకుమారి చేయి వెనక్కి తీసుకుంది. కొండల్లో మామిడి కొత్త పండుగ చేసి, పోయిన పెద్దలకు పెట్టందే కొత్త పండు ఎవరూ నోట పెట్టరు. ఈ ఏడు ఊళ్ళో మంచిరోజులు చూసే దిశారి ఇంకా పండుగ రోజు చెప్పలేదు. ఎమ్మెల్యే అయినా, ఎవరైనా ఆ కట్టు కట్టే. ఆవిడ ఆ సంగతి చెప్పబోయింది.

"మమ్మీ కో షుగర్ హై," అంది ఇంద్రాణి గబుక్కున.

లలితకుమారి కూతురి వంక చూసింది. "హా, షుగర్," అంది మెల్లగా.

అక్కడితో ఆగినా బాగుండేది. అనుమానం మిగలకూడదని ఇంద్రాణి తల్లి పళ్ళెంలోని ఆ ముక్క తీసి, తల్లి ఎదుటే నోట్లో వేసుకుంది. లలితకుమారి కళ్ళు దించుకుంది. భరద్వాజ్ గారు అదేమీ గమనించక, మీ అమ్మాయి సొంత తెలివితో పైకొచ్చింది, కోటాలో వచ్చిన వాళ్ళలా కాదని హిందీలో పొగిడారు. ఢిల్లీకి ఎన్నిసార్లో వచ్చిన లలితకుమారికి ఆపాటి హిందీ తెలుసు. ఇంద్రాణి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నీళ్ళ జగ్గు కోసం లేచింది.

వాళ్ళను కారెక్కించి వచ్చి శరత్ తలుపు వేశాడు. "అత్తయ్య గారూ, నేను కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. క్షమించండి," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఇంద్రాణికి చురుక్కుమంది.

"అందరూ నన్ను దోషిని చేయకండి," అంది. "ఇక్కడ ఎలా ఉంటుందో నీకు తెలీదమ్మా. కులం తెలిస్తే నా పనికి విలువుండదు. నీకైతే అక్కడ వెనక జనం ఉన్నారు. ఇక్కడ నాకెవరున్నారు?"

లలితకుమారి జాకెట్టు చేతులు పైకి మడుచుకుంది.

"నాకూ మొదట్లో ఎవరూ లేరే. నిన్ను సంకనేసుకునే ఆ సమావేశంలో నిలబడ్డాను. ఒళ్ళంతా వొణికింది." కూతురి వైపు తిరిగింది. "బయటోళ్ళు నన్ను కాదంటే పోట్లాడినాను. నువ్వు కాదంటే ఎవులితో పోట్లాడాలే?"

ఇంతలో లలితకుమారి ఫోన్ మోగింది. ఆవిడ బాల్కనీలోకి వెళ్ళింది. విజయవాడ నుంచి ముఖ్యమంత్రి కార్యాలయం వాళ్ళు. మంత్రి పదవి ఖాయమైంది, ప్రమాణం బుధవారం. కుటుంబానికి ఎన్ని పాసులు కావాలని అడుగుతున్నట్టున్నారు.

"మా ఇంటి నుంచి ఎవులూ రారు బాబూ," అంటోంది లలితకుమారి. "అమ్మాయికి సెలవు దొరకదు. పెద్ద ఉద్యోగం కదా."

తలుపు వారన నిలబడి ఇంద్రాణి అంతా వింది. షుగరు ఉందని ఒప్పుకున్నట్టే, ఇప్పుడూ తల్లి తన పరువే కాపాడుతోంది. అడగకుండానే.

"నన్ను అడగనైనా అడగలేదేమ్మా?"

"అడుగుదామనే కదా వొచ్చాను." లలితకుమారి చేతిసంచీ తీసింది. అందులో చిన్న కుంకుమ భరిణె, ఎర్రటి జాకెట్టు గుడ్డ ఉన్నాయి. "మంచి పనికి ఫోన్లో పిలుస్తారేటి? బొట్టెట్టి పిలుద్దామనుకున్నాను. పదవొస్తాదో రాదో, ముందు నిన్ను పిలిచీయాలనిపించింది. పొద్దున్న తీద్దామనుకునేసరికి నువ్వీ పొడుగు చేతుల జాకెట్టు చేతిలో పెట్టినావు. పిలిస్తే నీకు తలవొంపులని ఊరుకున్నాను."

ఇంద్రాణి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. అంతమంది ముందు తల ఎత్తుకుని నిలబడ్డ మనిషి, సొంత కూతురింట్లో కుంకుమ భరిణె తీయడానికి జంకింది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది? ఎవరో తెలుసుకుంటారని ఇన్నేళ్ళు భయపడింది గానీ, తను తల్లికి ఏం చేస్తోందో ఒక్కరోజూ చూసుకోలేదు.

సాయంత్రం వార్తల్లో కొత్త మంత్రుల ఫోటోలు వచ్చాయి. భరద్వాజ్ గారు ఫోన్ చేశారు. ఆఫీసులోని తెలుగువాళ్ళెవరో ఫోటో పంపారట. మంత్రి గారి ఎదుట కూర్చుని తెలుసుకోలేకపోయామని ఆయన నొచ్చుకున్నారు.

"సర్, మేము కొండదొరలం. నేను ఎస్టీ కోటాలోనే వచ్చాను," అంది ఇంద్రాణి.

"అది మాకు మొదట్నుంచీ తెలుసు ఇంద్రాణీ జీ," అన్నారాయన తేలిగ్గా. "ఆఫీసులో అలాంటివి దాగుతాయా? ఆ ప్రస్తావన మీకిష్టం లేదనుకున్నాం."

ఇంద్రాణికి అప్పుడు అర్థమైంది. తెలిసే అన్నాడు. ఆ రోజు క్యాంటీన్‌లోనూ, ఈ రోజు తల్లి ముందూ. తను నవ్వుతోంది కాబట్టి అన్నాడు.

"ఇకమీదట కోటా వాళ్ళని తక్కువ చేసి నా ముందు మాట్లాడకండి సర్. నేను నవ్వకుండా ఉండాల్సింది. తప్పు నాది కూడా. బుధవారం నాకు సెలవు కావాలి. మా అమ్మ ప్రమాణం."

ఆయన సరేనన్నారు. ఆ సరే వెనక ఏముందో ఆఫీసుకు వెళ్ళాక గాని తెలియదు. ఇంద్రాణికి భయం పోలేదు. ఫోన్ పక్కన పెట్టి, వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నన్ను పిలవవూ?"

లలితకుమారి అల్లుణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టింది. భరిణె మూత తీసి కూతురి నుదుట బొట్టు పెట్టింది. పరాయింటికి వెళ్ళినప్పుడు పిలిచినట్టే, నిండుగా, "బుధవారం నా ప్రమాణం. మీ ఇంటిల్లిపాదీ రావాల," అంది. ఇంద్రాణి వస్తానన్నట్టు తలూపింది. తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది.

ఒక చేత్తో కూతురి తల నిమురుతూ, రెండో చేత్తో లలితకుమారి ఫోన్ అందుకుంది.

"బాబూ, ఇందాక తప్పు సెప్పినాను," అంది. "ముందు వరసలో రెండు కుర్చీలెయ్యండి. మా అమ్మాయి వొస్తంది."