తెర మీద రెండక్షరాలు

భద్రాచలం దాటి అడవి మొదలయ్యే చోట స్తుతి ఇల్లు. పొద్దుటి నుంచి ఒకటే ముసురు. తడిసిన ఆకుల వాసన, టంకం పొగ వాసన కలిసి గదంతా పట్టేశాయి.

దేవ్లా పోయి ఏడాది. కాలేజీ ల్యాబులో ఆమెతో పనిచేసినవాడు. తన తండా ముందున్న వాగుకు, నీళ్లు పెరిగితే సైరన్ మోగే పెట్టె సొంతంగా చేసి పెట్టినవాడు. ఆ వాగే అతన్ని పట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు. ఇప్పుడా పెట్టె మూగబోయింది. చిప్పులో ప్రోగ్రాం చెడిందని స్తుతి అనుమానం, అందుకే దాన్ని విప్పి ఇంటికి తెచ్చుకుంది. దేవ్లా చెల్లెలు గోరి దవాఖానాలో నర్సు, రోజూ ఆ వాగు దాటే రావాలి. ఆ పిల్లకేమైనా అయితే అన్న భయంతో స్తుతికి ముద్ద దిగడం లేదు.

"ముందు చిప్పు చూడు, తర్వాత ప్రోగ్రామర్ కొను," అని దేవ్లా నెత్తీనోరూ కొట్టుకునేవాడు. స్తుతి వింటేగా. చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కించే ఆ పరికరం చవగ్గా వస్తోందని ఒకటి కొంది. అది ఈ చిప్పును గుర్తే పట్టలేదు. చివరికి దేవ్లా వాడిన పాతదే దిక్కయింది. దానికో చిన్న తెర ఉంది, కంప్యూటర్ అక్కర్లేదు. కానీ చిప్పు కాళ్లు మరీ సన్నం, సాకెట్లో నేరుగా కూర్చోవు. మధ్యలో అడాప్టర్ ఉండాలి. ఉన్నవి రెండు. ఒకటి మూడు వోల్టులకు, ఒకటి అయిదుకు. మీద రాతలు అరిగిపోయాయి. తప్పుది పెడితే చిప్పు మాడిపోతుంది.

ఒకటి చేతిలోకి తీసుకుని, పాత అలవాటు కొద్దీ అడిగింది. "ఇదేనా దేవ్లా?"

తెర వెలిగింది. రెండు ఇంగ్లిషు అక్షరాలు. ఏ… వీ.

అవ్.

ఏదడిగినా అవునని అట్లాగే అనేవాడు. స్తుతి మెడ వెనక చల్లబడింది. అయినా అదే పెట్టింది. ప్రోగ్రాం ఒక్క తప్పు లేకుండా ఎక్కింది. భయం పోయి ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. గోరి.

"అక్కా, గట్టు మీదున్న. నీళ్లు మోకాలు దాక గూడ లేవు. దిగాల్నా?"

ఆగమనాలి. బుద్ధి అదే చెబుతోంది. కానీ స్తుతి తెర వైపు వంగింది.

"దిగొచ్చా?" అని గుసగుసగా అడిగింది.

ఏ… వీ.

"దిగు గోరీ. మీ అన్ననే చెప్తుండు. తెర మీద అవ్ అని పడ్డది."

"అవ్ అని తెలుగుల పడ్డదా?"

"ఇంగ్లిషుల. ఏ, వీ."



"అక్కా…" గోరి గొంతు తగ్గింది. "అన్న తెలుగు మీతోనే మాట్లాడేటోడు. ఇంట్ల మా లంబాడీ మాటనే. మా మాటల ఆవ్ అంటే… రా అని."

"దిగకు." స్తుతి ఫోన్లోకి అరిచింది. "దిగకు గోరీ… ఎనక్కి పో."

"దిగలే అక్కా. గట్టు మీదనే ఉన్న."

స్తుతి కుర్చీలో కూలబడింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"కానీ అక్కా… నువ్వెందుకు దిగినవ్?"

"ఏంది?"

"నడి వాగుల నిలబడి చెయ్యి ఊపుతున్నది నువ్వే గదా."

"నేను ఇంట్ల ఉన్న. గోరీ, విను… నేను ఇంట్లనే ఉన్న."

"నీళ్లు నీ మెడ దాక వచ్చినయ్ అక్కా." గోరి ఏడుస్తోంది. "జర ఆగు. చెయ్యి అందియ్. వస్తున్న."

తర్వాత నీళ్ల చప్పుడు. ఆ చప్పుడులోంచి ఎవరో గోరిని పేరు పెట్టి, ప్రేమగా పిలిచారు.

అది స్తుతి గొంతే.