తెల్లకోటు మలుపు

సముద్రం పక్కన కొండను తొలిచి వేసిన ఆ రోడ్డు మీద ఒక మలుపుంది. చీకటి పడ్డాక అక్కడ తెల్లకోటు మనిషొకడు నిలబడి చెయ్యి ఊపుతాడట. ఆ దారిన తిరిగేవాళ్ళెవరూ ఆపరు. ఆపినవాళ్ళు... ఇంటికి చేరలేదని చెప్పుకుంటారు. చేరనివాళ్ళ సంగతి ఎవరు వచ్చి చెప్పారని నన్నడగకండి. నేను విన్నదే చెబుతున్నాను.

విన్నది మా తోడల్లుడి నోట. క్రమశిక్షణ గల మనిషి. అయిదింటికల్లా లేస్తాడు, కాఫీ కూడా ముట్టడు. అలాంటివాడు జీవితంలో ఒకే ఒక్క మోసం చేశాడు. లైసెన్సు కోసం కంటిపరీక్షకి వెళ్ళినప్పుడు, ముందున్నవాడు పైకి చదువుతున్న అక్షరాలు విని కంఠతా పట్టి, తన వంతు రాగానే గడగడా అప్పజెప్పాడు. కళ్ళజోడు పెడితే ముసలివాడయ్యాడంటారని సిగ్గు. పగలు దూరానివి మసక. చీకటి పడితే ఆ మసక కూడా ఉండదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్న అబద్ధమే కదా అనుకున్నాడు. అబద్ధాలాడే వాళ్ళందరూ మొదట అలాగే అనుకుంటారు.

పోయినేడు భార్యనీ, అంటే మా వదిననీ, కూతురినీ, మా అత్తగారినీ తీసుకుని పరాయి దేశం వెళ్ళాడు. కారు అద్దెకు తీసుకుని వారం రోజులూ సముద్రం వెంబడే ప్రయాణం. రోజూ ఒకటే మాట — "చీకటి పడకముందే బసకి చేరాలి." అది కూడా క్రమశిక్షణే అనుకున్నారు అందరూ.

నాలుగో రోజు మా అత్తగారి చెప్పు ఒకటి అల ఎత్తుకుపోయింది. తీసుకెళ్ళిన అలే తెచ్చిస్తుందని ఆవిడ ఒడ్డున గంటన్నర కూర్చుంది. తేలేదు. బయల్దేరేసరికి పొద్దు వాలిపోయింది.

దారిలో పెట్రోలు బంకు ఆవిడ, తనకీ వీళ్ళకీ కూడా సరిగా రాని ఇంగ్లీషులో, మలుపు సంగతి చెప్పింది. వేలెత్తి మరీ చెప్పింది — "ఆపొద్దు."

"ఈ రాత్రికి ఇక్కడే ఎక్కడైనా ఉండిపోదామండీ," అంది మా వదిన.

ఆ మాటకి అతనికి ప్రాణం లేచొచ్చింది. సరేననబోయాడు. అంతలో కూతురు కిసుక్కున నవ్వి, "నాన్నకి దెయ్యమంటే భయం," అంది.

"భయమా? నాకా? ఎక్కండి," అన్నాడు.

కళ్ళు కనబడని మనిషి, పరువు కోసం నలుగురి ప్రాణాలు స్టీరింగు మీద పెట్టాడు. దాన్ని ధైర్యం అనడానికి నాకు నోరు రాదు.

వాన మొదలైంది. ఒక పక్క కొండ. ఇంకో పక్క, కింద ఎక్కడో సముద్రం మోత.

కానీ విచిత్రం... కారు గీత గీసినట్టు పోతోంది. మలుపులు వస్తున్నాయి, వెళ్తున్నాయి. అతను ఒక్కచోట కూడా తడబడలేదు.

"ఎంత చక్కగా నడుపుతున్నారండీ," అని మా వదిన మెచ్చుకుంది.

అతను రెప్ప వెయ్యకుండా ముందుకే చూస్తున్నాడు.

అలా గంట గడిచింది.

"అమ్మమ్మా..." కూతురు గొణిగింది. "అదిగో."

మలుపులో తెల్లకోటు. ఒక చెయ్యి పైకి లేస్తోంది... దిగుతోంది... మళ్ళీ లేస్తోంది.

"ఆపకు నాయనా," అంది మా అత్తగారు గుసగుసగా. "అసలు వాడివైపు చూడకు."

"నేను చూడటం లేదు," అన్నాడు. నిజమే చెప్పాడు.

మా వదినకి అనుమానం వచ్చింది. తన మొగుడు బల్లి పడితే మంచమెక్కి నిలబడే మనిషి. ఇంత నిబ్బరం ఎక్కడిది?

"ఏమండీ... వాడు ఎటుపక్కనున్నాడు?"

"ఎడమపక్క."

వాడు సరిగ్గా రోడ్డు మధ్యన ఉన్నాడు.

ఆవిడ రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు పట్టుకుని లాగింది.

కారు జారి, అడ్డం తిరిగి, ఆగింది. తెల్లకోటు మనిషి వచ్చి అద్దం మీద కొట్టాడు. మా అత్తగారు మనవరాలి ఒళ్ళో తల దాచుకుంది.

దెయ్యం కాదు. రోడ్డు పనివాడు. తెల్లటి వానకోటు, చేతిలో తడిసి ఆరిపోయిన టార్చి. ఆరింటికి కొండచరియ విరిగి, మలుపు అవతల రోడ్డు సముద్రంలోకి పోయిందట. అడ్డుకర్రలు ఇంకా రాలేదు, అందుకని తనే అడ్డంగా నిలబడ్డాడు. చరియ పడినప్పుడల్లా అతనికిదే పని.

"నన్ను చూడగానే అందరూ జోరు పెంచుతారు," అని విసుక్కున్నాడు. "ఎందుకో మరి."

అంటే, ఇంటికి చేరనివాళ్ళు ఆపినవాళ్ళు కారు. ఆపనివాళ్ళు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా తోడల్లుడు మాత్రం తలుపు తోసుకుని దిగి, తెగిన రోడ్డు అంచుకి పరిగెత్తాడు.

"లారీ! లారీ పడిపోయింది! ఎవరినైనా పిలవండి!"

"ఏ లారీ?" అంది మా వదిన.

"మన ముందు పోయిందే..."

అక్కడ ఆగాడు. చెబితే తన పరువు పోతుంది. చెప్పకపోతే కింద ఎవరి ప్రాణమో పోతుంది. ఆ ఒక్క క్షణం సరైన పని చేశాడు. అందుకే ఇవాళ్టికీ అతనితో మాట్లాడుతున్నాను.

"నాకు కళ్ళు కనబడవే," అన్నాడు. "చీకట్లో రోడ్డే కనబడదు. బంకు దగ్గర్నుంచి ఆ లారీ వెనక ఎర్రదీపాలు పట్టుకునే వచ్చాను. అది తిరిగినచోటల్లా తిరిగాను. ఇందాక... అది తిన్నగా పోయింది."



"మన ముందు ఏ లారీ లేదు నాయనా," అంది మా అత్తగారు మెల్లగా. "ఎక్కడ దెయ్యం కనబడుతుందోనని బంకు దగ్గర్నుంచి నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు."

పనివాణ్ణి అడిగారు. ఆరు దాటాక అటు వచ్చిన మొదటి బండి వీళ్ళదే.

ఇంటికి చేరిన మర్నాడే అతను కళ్ళజోడు చేయించుకున్నాడు. లైసెన్సు ఆఫీసుకి వెళ్ళి, చేసింది ఒప్పుకుని, మళ్ళీ కంటిపరీక్షకి నిలబడ్డాడు. అంతవరకు సంతోషం.

లారీ సంగతి మాత్రం నేను వదల్లేదు. నిలదీశాను.

"కళ్ళు మసకన్నావు కదా అన్నయ్యా. వానలో ఏ వెలుగో చూసి లారీ అనుకుని ఉంటావు."

అతను కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు.

"మసకగా ఉంటే బాగుండేది తమ్ముడూ. ఆ రాత్రి నాకు స్పష్టంగా కనబడింది అదొక్కటే. వెనక తలుపుకి బిగించిన తాడు, ఆ తాడుకి ముళ్ళు... అన్నీ కనబడ్డాయి."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంత వానలోనూ ఆ తాడు తడవలేదు."